పోలీసులు తీసుకెళ్లాక మొదటి 24 గంటలు: సూళ్లూరుపేట కుటుంబాలు తెలుసుకోవాల్సిన హక్కులు

ఇంట్లో కొడుకునో, అన్ననో పోలీసులు తీసుకెళ్తే చాలా కుటుంబాలు ముందుగా ఎవరో ఒక పెద్దమనిషికి, లేదంటే ఏదో ఒక పార్టీ నాయకుడికి ఫోన్ చేస్తాయి. "పొద్దున్నే మాట్లాడి పంపించేస్తాం" అని ఒక మాట వస్తుంది. ఆ మాట మీద ఒక రాత్రి, ఇంకో పగలు గడిచిపోతాయి. వకీలు గుర్తొచ్చేసరికి అబ్బాయిని రిమాండుకు పంపేసి ఉంటారు. చట్టం అరెస్టయిన మనిషికి ఇచ్చిన హక్కుల్లో ఎక్కువ భాగం పని చేసేది ఆ మొదటి 24 గంటల్లోనే. పెద్దమనిషి మాట్లాడితే మాట్లాడనివ్వొచ్చు, కానీ ఆ పక్కనే కాగితం పని కూడా నడవాలి.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. 41ఏ నోటీసు ఇప్పుడు 35(3) నోటీసు అయింది, 167 రిమాండు 187 అయింది. అసలు హక్కులు మాత్రం చాలావరకు అవే. వాటికి పునాది రాజ్యాంగంలోని 20, 21, 22 అధికరణలు.

పేరు ఒకటే, మనిషి వేరు

2023 జనవరి చివర్లో మెదక్‌కు చెందిన ఒక ముస్లిం కూలీని గొలుసు దొంగతనం అనుమానం మీద హైదరాబాద్‌లో పట్టుకున్నారు. సీసీటీవీలో కనిపించిన మనిషి పోలికలు ఉన్నాయన్నది కారణం. కొన్ని రోజులు స్టేషన్‌లో ఉంచి ఫిబ్రవరి మొదట్లో వదిలేశారు. తనను పోలీసులు కొట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచే అతను వీడియోలో చెప్పాడు. ఆ నెల మధ్యలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు, తెలంగాణ హైకోర్టు ఆ వ్యవహారాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. అన్ని రోజుల్లో ఆ మనిషిని ఒక్క మేజిస్ట్రేటు ముందుకైనా తీసుకెళ్లి ఉంటే, ఒక్క డాక్టరైనా ఒంటి మీద దెబ్బలు రాసి ఉంటే కథ వేరేగా ఉండేది. హక్కులు పుస్తకంలో ఉండీ మనిషికి అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

పొరపాటు గుర్తింపు సమస్య సూళ్లూరుపేట వైపు ఇంకాస్త ఎక్కువే. కసుమూరు దర్గా పుణ్యమా అని నెల్లూరు, సూళ్లూరుపేట ప్రాంతంలో మస్తాన్ అనే పేరు ప్రతి వీధిలో ఒకరికి ఉంటుంది. ముందు "షేక్" చేరిస్తే ఒకే మసీదులో నలుగురైదుగురు దొరుకుతారు. అందుకే అరెస్టు కాగితంలో పేరు ఒక్కటే సరిపోదు. తండ్రి పేరు, వయసు, డోర్ నంబరు, వీధి సరిగ్గా ఉన్నాయా అని చూసుకోవాలి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగు ఉంటే రెండింటి జిరాక్సులూ వకీలుకు ముందే ఇచ్చిపెట్టాలి. తర్వాత జామీను కాగితాల దగ్గర ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది.

నోటీసా, అరెస్టా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, ఆరోపణ వచ్చినంత మాత్రాన అరెస్టు చేయడం కుదరదు. అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి కారణాలు రాయాలి. లేదంటే 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వాలి. అర్నేష్ కుమార్ కేసులో 2014 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. భార్యాభర్తల గొడవ కేసుల్లో అత్తమామలతో సహా ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లే పద్ధతికి అడ్డుకట్ట పడింది కూడా ఆ తీర్పుతోనే. మూడేళ్ల లోపు శిక్ష ఉండే నేరమైతే, ఆ మనిషి 60 ఏళ్లు దాటినవాడో, ఆరోగ్యం బాగా దెబ్బతిన్నవాడో అయితే, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ కొత్తగా తెచ్చిన నియమం, ఊళ్లో చాలామందికి ఇంకా తెలియదు.

35(3) నోటీసును వాట్సాప్‌లో పంపితే అది చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, అదే ఏడాది జులైలో మళ్లీ ఖాయం చేసింది. అలాగని వాట్సాప్ మెసేజ్ చూసి ఫోన్ స్విచాఫ్ చేసుకుని చెన్నై వెళ్లిపోవడం తెలివైన పని కాదు. వకీలు ద్వారా "నోటీసు చేతికి ఇవ్వండి, వస్తాం" అని రాతపూర్వకంగా తెలపాలి. సరైన నోటీసు అందాక కూడా వెళ్లకపోతే అరెస్టుకు కారణం మనమే ఇచ్చినట్టవుతుంది. వెళ్లినప్పుడు నోటీసు కాపీ, హాజరైన తేదీ, సమయం దగ్గర పెట్టుకోవాలి.

సాక్షిగా పిలవడం వేరే సంగతి. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు పైబడిన మగవాళ్లను, దివ్యాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనడానికి వీల్లేదు. సెక్షన్ 179 ప్రకారం వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. "అబ్బాయి దొరకలేదు, అమ్మీని కూర్చోబెట్టండి" అనే పద్ధతికి ఏ చట్టంలోనూ చోటు లేదు.

అరెస్టు వేళ పోలీసులు చేయాల్సినవి

అరెస్టు చేసే అధికారి పేరు, హోదా కనబడేలా బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద ఇంటి మనిషి గానీ, ఆ వీధిలో గౌరవం ఉన్న ఒక పెద్ద గానీ సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి. మసీదు కమిటీ పెద్దలు పనికొచ్చే చోటు ఇది. ఎవరి తరఫునా వాదించకుండానే సాక్షిగా నిలబడి, మెమోలో తేదీ, సమయం, స్థలం నిజంగా జరిగినవేనా అని చూసి సంతకం చేయొచ్చు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరూ, ఏ పరిస్థితిలోనూ సంతకం చేయకూడదు.

ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పడం సెక్షన్ 47 ప్రకారం తప్పనిసరి. నోటిమాటతో సరిపెట్టడం ఇక కుదరదు. పంకజ్ బన్సల్ కేసులో 2023లో, ప్రబీర్ పురకాయస్థ కేసులో 2024లో, విహాన్ కుమార్ కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ హక్కును ఒక్కో మెట్టూ గట్టిపరుస్తూ వచ్చింది. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. ఏ చట్టం కింద అరెస్టయినా సరే, కారణాలు రాసి ఇవ్వాలి, అదీ ఆ మనిషికి అర్థమయ్యే భాషలో. అక్కడికక్కడ రాసివ్వడం కుదరని పరిస్థితిలో కూడా, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు ఆ కాగితం చేతికి అందాలి. లేకపోతే అరెస్టు, రిమాండు రెండూ చెల్లకుండా పోతాయి.

భాష గురించిన ఆ మాట సూళ్లూరుపేటకు చాలా ముఖ్యం. ఇక్కడి కుర్రాళ్లు లోకల్ రైలెక్కి గుమ్మిడిపూండి, చెన్నై పనులకు వెళ్తుంటారు. అక్కడ అరెస్టయితే చేతికొచ్చే కాగితం తమిళంలో ఉంటుంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మనిషికి దాన్ని చూపించి సంతకం తీసుకుంటే కారణాలు చెప్పినట్టు కాదు. "తమిళం చదవడం రాదు" అని సంతకం పక్కన తెలుగులోనో, ఉర్దూలోనో రాసినా అది తర్వాత కోర్టులో పనికొస్తుంది.

అరెస్టు సంగతిని ఆ మనిషి చెప్పిన బంధువుకో, స్నేహితుడికో పోలీసులే తెలపాలి, ఎవరికి తెలిపారో స్టేషన్ రికార్డులో రాయాలి. ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా స్థాయిలోనూ ఏఎస్ఐకి తగ్గని ఒక అధికారి ఈ సమాచారం చూసుకోవాలని, అరెస్టయినవాళ్ల పేర్లు, నేరం వివరం అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని సెక్షన్ 37 చెబుతోంది. స్టేషన్‌కు వెళ్లినవాళ్లు ఆ బోర్డును ఫోటో తీసుకోవాలి. లోపల మనిషి ఉండీ బోర్డు మీద పేరు లేకపోతే ఆ ఫోటోనే ఒక సాక్ష్యం.

విచారణ జరిగేటప్పుడు వకీలును కలిసే హక్కు సెక్షన్ 38 ఇస్తుంది. అయితే మొదటినుంచి చివరిదాకా పక్కనే కూర్చునే హక్కు కాదది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో నేరాంగీకారంగా చెల్లదు. కాకపోతే ఆ మాటల వల్ల ఒక వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకు చెల్లుతుంది. దెబ్బలకు భయపడి "నేనే చేశాను" అన్నంత మాత్రాన అంతా అయిపోయిందని కుటుంబం ఆశ వదులుకోనక్కర్లేదు. పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని కూడా లేదు.

ఇల్లు సోదా చేస్తే దాన్ని వీడియో తీయాలని సెక్షన్ 105 అంటోంది. తీసుకెళ్లిన ప్రతి వస్తువుకూ జాబితా అడగాలి. ఫోన్ తీసుకుంటే ఐఎంఈఐ నంబరుతో సహా రాయించుకోవడం మంచిది.

అరెస్టయ్యాక వెంటనే డాక్టరు పరీక్ష జరగాలి. దెబ్బలుంటే ఎలాంటివి, సుమారుగా ఎప్పుడు తగిలినవి అని డాక్టరు రాయాలి. ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికో, అతను చెప్పినవాళ్లకో ఇవ్వాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకొకసారి పరీక్ష చేయించాలన్నది డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు పెట్టిన నియమం. పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థ నడిపిన ఒక మనిషి 1986లో లాకప్ మరణాల గురించి కోర్టుకు రాసిన ఉత్తరమే ఆ కేసు అయింది. చాలామంది చేసే తప్పేంటంటే, డాక్టరు ముందు పోలీసు పక్కనే నిలబడి ఉంటే "ఏం లేదు సార్" అనేస్తారు. ఆ రెండు ముక్కలు రిపోర్టులోకి ఎక్కాక దెబ్బల్ని రుజువు చేయడం చాలా కష్టమైపోతుంది.

ఆడవాళ్లు, పిల్లలు

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు మహిళను అరెస్టు చేయకూడదు. మరీ అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఒంటి సోదా మహిళలే, మర్యాద పాటిస్తూ చేయాలి. బురఖా, హిజాబ్ తీయించాల్సి వచ్చినా మగ పోలీసుల కళ్లముందు కాకూడదని పట్టుబట్టొచ్చు. ఇలాంటి రక్షణల వెనక చేదు చరిత్ర ఉంది. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం రిక్షా కార్మికుడి భార్య మీద అత్యాచారం జరిగింది, అడ్డుపడిన భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. విచారించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకకు బదిలీ అయి, చివరికి నిందితులు బయటపడ్డారు.

18 ఏళ్లు నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. స్కూల్ సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రం వెంటనే అందిస్తే ఈ రక్షణ అందుతుంది. పిల్లాడు మదర్సాలో చదివి ఉంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం వెతికి పెట్టుకోవడం మేలు.

24 గంటల లెక్క

అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే సమయాన్ని ఇందులోంచి మినహాయిస్తారు. సూళ్లూరుపేట స్టేషన్, కోర్టు రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఆ సాకు నిలవదు. ఆదివారమైనా, ఈద్ సెలవైనా గడియారం ఆగదు, మేజిస్ట్రేటు ఇంటికైనా తీసుకెళ్లాల్సిందే. శుక్రవారం రాత్రి పట్టుకొచ్చి "కోర్టు సోమవారమే" అంటే అది తప్పుడు మాట.

అసలు చిక్కు వేరే ఉంది. ఆదివారం పట్టుకెళ్లి, మంగళవారం అరెస్టు చేసినట్టు కాగితం రాస్తారు. ఢిల్లీ విమానాశ్రయంలో ఒక మనిషిని ఆపి, చాలా గంటల తర్వాత అరెస్టు చూపించిన ఈడీ కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. కదలడానికి వీల్లేకుండా అదుపులోకి తీసుకున్న క్షణం నుంచే లెక్క మొదలవుతుందని, ఆ 24 గంటలు దాటితే అరెస్టే చెల్లదని చెప్పింది. కాబట్టి అసలు టైమ్‌ను రుజువు చేసే వస్తువులు కుటుంబం దగ్గర ఉండాలి. ఎదురింటి కొట్లో సీసీటీవీ ఉంటే ఆ రోజే కాపీ తీసుకోవాలి, చాలా కెమెరాల్లో కొన్ని రోజులకే పాత రికార్డింగు చెరిగిపోతుంది. "ఫలానా టైమ్‌కి మావాణ్ణి తీసుకెళ్లారు" అని తిరుపతిలోని జిల్లా ఎస్పీ కార్యాలయానికి ఈ-మెయిల్, రిజిస్టర్డ్ పోస్టు పంపాలి. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. అయినా పాత అలవాటు కొద్దీ నెల్లూరు ఎస్పీకి అర్జీలు పెట్టి రోజులు పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 112కు చేసిన కాల్ కూడా టైమ్‌కి ఒక రికార్డే. ప్రతి స్టేషన్‌లో సీసీటీవీ ఉండాలని, రికార్డింగు నెలల తరబడి భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. దాన్ని దాచి ఉంచమని వకీలు కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

ఎక్కడున్నాడో చెప్పకపోతే రెండు దారులున్నాయి. అమరావతిలోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ ఒకటి. రెండోది చాలామంది వాడనిది. సెక్షన్ 100 కింద స్థానిక మేజిస్ట్రేటు గానీ, ఆర్డీఓ గానీ అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికి తెమ్మని సెర్చ్ వారంట్ ఇవ్వొచ్చు. ఖర్చు తక్కువ, ఊళ్లోనే అయ్యే పని.

తమిళనాడు పోలీసులు వచ్చి తీసుకెళ్తే భయం రెట్టింపవుతుంది. వాళ్లకూ ఇదే చట్టం. ఏ కేసు, ఏ స్టేషన్, అధికారి పేరు ఏమిటి అని అడగాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలన్న నియమం, ఆ కోర్టుకు ఆ కేసు పరిధి ఉన్నా లేకపోయినా వర్తిస్తుందని కొత్త చట్టం స్పష్టంగా చెప్పింది. జిల్లా దాటి వారంటు మీద అరెస్టు చేస్తే, ఆ మనిషి ఉండే జిల్లాలోని అధికారికి కూడా సమాచారం ఇవ్వాలి.

మేజిస్ట్రేటు ముందు

ఇంటివాళ్లు ఎవరో ఒకరు కోర్టులో ఉండాలి. కొట్టి ఉంటే అప్పుడే చెప్పాలి, అడగకపోయినా చెప్పాలి. ఎన్ని గంటలకు పట్టుకున్నారో, కారణాల కాగితం ఇచ్చారో లేదో చెప్పాలి. షుగర్, బీపీ, మూర్ఛ మందులుంటే వాటి చీటీ చూపించాలి. రంజాన్ నెలైతే సహర్, ఇఫ్తార్ వేళల సంగతి కూడా అక్కడే విన్నవించుకోవచ్చు. సిగ్గుపడాల్సిన విషయం కాదది.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత వకీలు హక్కు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఇది దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు, లేదా కోర్టులోని న్యాయ సేవల కమిటీని అడగొచ్చు. ఉచిత వకీలు అంటే పనికిరాని వకీలు అనే అభిప్రాయం మనవాళ్లలో బలంగా ఉంది. కొన్నిచోట్ల నిజమే కావచ్చు, కానీ రిమాండు రోజున ఎవరూ లేకపోవడం కంటే అది ఎన్నో రెట్లు నయం.

రిమాండు పడితే తేదీ రాసి పెట్టుకోవాలి. అక్కడి నుంచి 60 రోజుల్లో, మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకుమించి శిక్ష ఉండే నేరాల్లో 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే జామీను హక్కుగా వస్తుంది. దానంతట అది రాదు. ఛార్జిషీటు పడేలోపు పిటిషన్ వేయాలి, ఒక్క రోజు ఆలస్యమైనా చేజారిపోతుంది. ఉపా చట్టం కేసుల్లో, గంజాయి పెద్ద మొత్తంలో దొరికిన కేసుల్లో ఈ గడువు 180 రోజుల దాకా వెళ్తుంది, జామీను కూడా కష్టం. జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కాబట్టి ఈ సంగతి డ్రైవర్లు, క్లీనర్లు తప్పక తెలుసుకోవాలి. గంజాయి అనుమానంతో ఒంటి సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుటే చేయమని కోరే హక్కు ఉందని పోలీసులు ఆ మనిషికి చెప్పాలి.

జామీను దొరికినా జైల్లోనే

జామీను ఇవ్వదగ్గ నేరమైతే స్టేషన్‌లోనే వదలాలి. జామీనుదారుల్ని తేలేని పేదవాడైతే సొంత పూచీ మీద వదలాలి. వారం లోపు పూచీ చూపలేకపోతే పేదవాడి కిందే లెక్క. మిగతా కేసుల్లో జామీను ఆర్డరు వచ్చినా ఇంటి పన్ను రసీదు ఉన్న ఇద్దరు దొరక్క నెలలు గడిచిపోతుంటాయి. అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలకు ఇదే పెద్ద కష్టం. పూచీకత్తు ఇచ్చే మనిషి వేరే జిల్లావాడని తిరస్కరించడం తప్పని 1978లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో నిందితుడు ఒక తాపీమేస్త్రీ. ఒక ఆంధ్రుడు ఎక్కడో చాందినీ చౌక్‌లో అరెస్టయితే ఆ ఊళ్లో ఆస్తి ఉన్న పూచీదారుడు ఎక్కణ్ణుంచి దొరుకుతాడని జస్టిస్ కృష్ణయ్యర్ ప్రశ్నించారు. నెల్లూరు జిల్లాలో ఉండే బావమరిది పూచీని తిరుపతి జిల్లా కేసులో వద్దంటే ఆ తీర్పును చూపించొచ్చు. జామీను వచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవల సంస్థకు తెలపాలని, నెల దాటితే కోర్టే షరతులు మార్చే విషయం ఆలోచించాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. డబ్బు తీసుకుని పూచీ పెట్టే దళారుల దగ్గరికి వెళ్లేముందు ఈ దారి ప్రయత్నించాలి. దొంగ పూచీ బయటపడితే జామీను రద్దవడమే కాదు, కొత్త కేసు కూడా మీద పడుతుంది.

విచారణ సాగుతూనే ఉంటే ఇంకో నియమం ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవాళ్లకు జామీను ఇవ్వాలి. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లకైతే మూడో వంతు చాలు. యావజ్జీవం, మరణశిక్ష ఉండే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

తప్పుడు కేసని తేలాక

షార్ పక్కనే ఉన్న ఊరికి నంబి నారాయణన్ పేరు కొత్తది కాదు. 1994 నవంబరులో ఇస్రో గూఢచర్యం కేసులో కేరళలో అరెస్టయ్యారు. దర్యాప్తు చేసిన సీబీఐ అది అబద్ధమని తేల్చింది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. దానికి 24 ఏళ్లు పట్టింది. హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుని, చివరికి నిర్దోషులుగా తేలిన ముస్లిం యువకుల దారి అంత సాఫీగా సాగలేదు. 2012లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లలో కొందరికి 3 లక్షల చొప్పున ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ ఉత్తర్వునే కొట్టేసింది. పరిహారం కోర్టు ద్వారా, అక్రమ నిర్బంధాన్ని రుజువు చేసి తెచ్చుకుంటేనే గట్టిగా నిలుస్తుందని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ రుజువు మళ్లీ మొదటి రోజు కాగితాలే: అరెస్టు మెమో, డాక్టరు రిపోర్టు, ఎస్పీకి పంపిన ఈ-మెయిల్, కొట్టు సీసీటీవీ.

పోలీసుల మీద ఫిర్యాదును ఎస్పీకి, మేజిస్ట్రేటుకు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు లేదా ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు పంపొచ్చు. కమిషన్లకు వకీలు అవసరం లేదు, ఫీజు లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చాలు. అయితే ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి, ఆ తర్వాత తీసుకోరు.